పార్కు తాళం తొమ్మిదింటికి, సీతాకోకచిలుకలు తొమ్మిదిన్నరకి: మా కాలనీ కమిటీకి ఒక బహిరంగ లేఖ

కాలనీ సంఘం ప్రెసిడెంట్ గారికి, సెక్రటరీ గారికి, ట్రెజరర్ అన్నకి, పార్కు సబ్ కమిటీ పెద్దలందరికీ నమస్కారం.

నేను మూడో లైన్‌లో ఉంటాను. పేరు చెబితే గుర్తుపట్టకపోవచ్చు గానీ, పార్కు వెనక గోడ దగ్గర వంగి, ఫోన్ పట్టుకుని మొక్కలతో మాట్లాడుతున్నట్టు కనిపించే ఆమె అంటే మాత్రం అందరికీ తెలుసు. పార్కు తాళం టైము, సీతాకోకచిలుకల విషయం మన వాట్సాప్ గ్రూపులో రెండుసార్లు పెట్టాను. మొదటిసారి దాని మీద గుడ్ మార్నింగ్ పూలు పడ్డాయి, రెండోసారి నల్లా నీళ్లు రాలేదన్న గొడవలో కొట్టుకుపోయింది. జనరల్ బాడీ మీటింగులో లేచి చెబుదామంటే కార్ల పార్కింగ్ దగ్గరే రెండు గంటలు అయిపోయింది. అందుకని ఇలా అందరూ చూసేలా రాస్తున్నాను. కోపంతో కాదు. అంటే కొంచెం కోపం ఉంది, లేదని అబద్ధం ఎందుకు చెప్పాలి.

అడిగేది చిన్నదే. మన పార్కు పొద్దున ఐదున్నరకి తెరిచి తొమ్మిదింటికి తాళం వేస్తారు, మళ్లీ సాయంత్రం నాలుగున్నరకి తీస్తారు. జనవరి నుంచి మార్చి ఆఖరు దాకా ఆ పొద్దుటి తాళం పన్నెండింటికి వేయండి. వెనక గోడ వెంట ఉన్న జాగాలో మొక్కల్ని ఉగాది వెళ్లేదాకా కొట్టించకండి. ఈ రెండే. మిగతా లేఖంతా ఎందుకో చెప్పడానికి.

సీతాకోకచిలుక ఒంటికి మనకున్నట్టు సొంత పొయ్యి లేదు, ఎండే దాని పొయ్యి. ఒళ్లు దాదాపు 30 డిగ్రీలకు వేడెక్కితే గాని రెక్కలాడించే కండరాలు సరిగా పనిచేయవు. జనవరిలో మన హైదరాబాద్ నాగోలులో తెల్లవారేసరికి 15 డిగ్రీలు ఉంటుంది, కొన్ని రోజులు ఇంకా కిందికి పోతుంది, పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపైతే చెప్పక్కర్లేదు. మనం స్వెట్టర్లు, మంకీ క్యాపులు వేసుకుని ఏడింటికి రౌండ్లు కొడుతున్నప్పుడు అవి ఆకుల కింద రెక్కలు మూసుకుని రాయిలాగా కూర్చుని ఉంటాయి. ఎనిమిదిన్నర దాటాక ఎదురు అపార్టుమెంటు నీడ తొలగి వెనక గోడ మీద ఎండ పడుతుంది. అప్పుడు ఒక్కొక్కటే బయటికి వచ్చి, కొన్ని రెక్కలు బార్లా తెరిచి, కొన్ని మూసిన రెక్కలను ఒక పక్కకి వంచి, అచ్చం మా అత్తమ్మ డాబా మీద కూర్చున్నట్టు ఎండ కాచుకుంటాయి. మొదటిది గాల్లోకి లేచేసరికి తొమ్మిదిన్నర. వాచ్‌మన్ విజిల్ వేసేది తొమ్మిదింటికి.

పోయిన జనవరిలో గేటు ఊచల మధ్య ముఖం పెట్టి లెక్కపెట్టిన రోజులున్నాయి. రోడ్డున పోయేవాళ్లు లోపల మావాళ్లు ఎవరైనా ఉండిపోయారా అని అడిగారు కూడా. గేటు నుంచి వెనక గోడ నూట యాభై అడుగులు ఉంటుంది, అక్కడ ఎగిరేది పసుపో తెలుపో తెలుస్తుంది తప్ప ఏదో తెలియదు. లెడ్జర్‌లో "పసుపుది, ఒకటి, గేటు బయటి నుంచి" అని రాసుకున్నాను. ఆడిటర్ ఆఫీసులో లెక్కలు రాసే దాన్ని నేను, అలాంటి ఎంట్రీ ఎవరైనా నాకు చూపిస్తే ఓచర్ ఏదమ్మా అంటాను.

లెడ్జర్ ఏమిటంటారా. మూడేళ్ల కిందట మా అత్తమ్మ పులిహోర తాలింపుకి పెరట్లో కరివేపాకు తెంపుకురమ్మంది. ఆకు మీద పిట్ట రెట్ట పడి ఉంది, గోటితో తీసేయబోతే కదిలింది. కదలడమే కాదు, తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటికి పెట్టి పుల్లటి ఘాటు వాసన కొట్టింది. నేను రెమ్మ పారేసి లోపలికి పరుగెత్తాను. అది లైమ్ బటర్‌ఫ్లై పిల్ల అని తర్వాత తెలిసింది, చిన్నప్పుడు రెట్ట వేషం, పెద్దయ్యాక ఆకుపచ్చ వేషం, ఆ కొమ్ములు పిట్టల్ని, చీమల్ని బెదరగొట్టడానికి. నిమ్మ, కరివేపాకు, మారేడు లాంటి చెట్ల ఆకులు తింటుంది. ఆ రెమ్మని మళ్లీ తెచ్చి సీసాలో పెట్టి, రోజూ ఆకు వేసి, అది ప్యూపా, అంటే రెక్కలొచ్చే ముందు కదలకుండా ఉండే గూడు, కట్టి, ఒక పొద్దున తడిసిన కాగితంలాంటి రెక్కలతో బయటికి వచ్చి వాటిని ఆరబెట్టుకుంటుంటే చూశాక ఇంక నేను మామూలు మనిషిని కాలేదు. పులిహోర మాత్రం ఆ రోజు కరివేపాకు లేకుండానే అయ్యింది. ఆఫీసులో మిగిలిపోయిన లెడ్జర్ బుక్ ఒకటి తెచ్చుకుని తేదీ, టైము, ఏది, ఎన్ని, ఏ మొక్క మీద, ఏం చేస్తోంది అని గీతలు కొట్టుకున్నాను. జనవరి ఒకటిన ఓపెనింగ్ బ్యాలెన్స్ సున్నా. ఒక్కొక్కటి ఆ ఏడాది మొదటిసారి కనిపించిన రోజు ఎర్ర పెన్నుతో రాస్తాను.

ఇప్పుడు ఆ గోడ పక్క జాగా సంగతి. మీరు దాన్ని పిచ్చి మొక్కలు అన్నారు, మినిట్స్‌లో కూడా అలాగే రాసుకున్నారు. ఆ పిచ్చివాళ్ల పేర్లు ఒక్కసారి వినండి.

జిల్లేడు రెండు గుబుర్లు. వాటి మీద ప్లెయిన్ టైగర్ గుడ్లు పెడుతుంది, నారింజ రంగు రెక్కలు, అంచున నలుపు, మన పిల్లలు దాన్ని పులి అంటారు. జిల్లేడు పాలల్లో విషం ఉందని మనకు తెలుసు కదా, ఆ పురుగు ఆ ఆకులే తిని ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది, పెద్దయ్యాక రెక్కలొచ్చినా విషం పోదు, ఒకసారి తిన్న పిట్ట మళ్లీ ఆ రంగు జోలికి పోదు. ఆముదం మొక్కలు మూడో నాలుగో, ఎవరూ వేయలేదు, అవే వచ్చాయి. వాటి మీద కామన్ క్యాస్టర్, ఇటుక రంగు మీద సన్నటి అలల గీతలు. గోడ మూల రేగు చెట్టు, అంటే చెట్టు కాదు పొద, దాని మీద కామన్ పియరో, వేలి గోరు కంటే కాస్త పెద్దది, తెల్ల చీర మీద నల్ల చుక్కలు వేసినట్టు. కింద నేల మీద పాకే గంగవాయిలి కూర, మనం పప్పులో వేసుకుంటాం, దాని మీద డానాయిడ్ ఎగ్‌ఫ్లై. ఇది మహా నటి. మగది నల్లగా, తెల్లటి గుండ్రటి మచ్చలతో ఉంటుంది, ఆడది మాత్రం అచ్చం ఇందాకటి విషపు పులిలాగా వేషం కట్టి తిరుగుతుంది, దానికి ఒంట్లో విషం ఏమీ లేదు, వేషంతోనే బతికేస్తుంది. వావింట మొక్కల మీద సైకీ అని తెల్లటిది, గాల్లో పడిపోతున్న కాగితం ముక్కలాగా నేలకు రెండు అడుగుల ఎత్తులోనే ఎగురుతుంది, కూర్చోవడం అరుదు, ఫోటో తీయాలంటే నడుము విరుగుతుంది. తంగేడు ఒకటి, మన రాష్ట్ర పుష్పం, బతుకమ్మకి ఆ పువ్వు కోసం ఊరవతలికి బండేసుకుని పోతాం, పార్కులో ఉన్నది మాత్రం కొట్టేస్తాం. దాని మీద మాటిల్డ్ ఎమిగ్రెంట్. ఇక గడ్డి చామంతి, గీసుకుపోయిన చోట దాని రసం పిండే మొక్కే, ఎక్కడపడితే అక్కడ ఉంటుంది కాబట్టి ఎవరికీ లెక్కలేదు. జనవరి, ఫిబ్రవరిలో వానలు లేక మిగతా పూలన్నీ తగ్గిపోయినప్పుడు తేనె కోసం చిన్నా పెద్దా అన్నీ దాని దగ్గరికే వస్తాయి. దాన్ని తీసేసి మీరు వేసిన మెక్సికన్ గడ్డి మీద ఈ మూడేళ్లలో నేను ఒక్క సీతాకోకచిలుక కూడా తేనె తాగడం చూడలేదు. ఎలా తాగుతుంది, పువ్వే కనపడదు.

తల్లి సీతాకోకచిలుక ఆకు మీద వాలి ముందు కాళ్లతో టకటకా తట్టి చూస్తుంది. కాళ్లతోనే రుచి తెలుస్తుంది దానికి. మా పిల్లకి ఇదే మొక్క అని తేలితేనే గుడ్డు పెడుతుంది, ఎందుకంటే పిల్ల ఆ జాతి ఆకులు తప్ప ఇంకోటి ముట్టదు, అన్నం లేకపోతే చపాతీ తిందాం అనే రకం కాదు. మన పార్కులో జిల్లేడు లేకపోతే పులి లేదు, అంతే.

ఇక జరిగింది చెబుతాను. ఈ ఏడు భోగికి మూడు రోజుల ముందు గడ్డి కోసే మిషన్ తెప్పించారు. ముందు రోజు నా లెడ్జర్‌లో ఎంట్రీ ఇదీ: జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్ పురుగులు 7, ప్యూపాలు 2. మర్నాడు గేటు బయటి నుంచి చూస్తే గోడ అడుగు దాకా కనిపిస్తోంది, తెల్లగా, కొత్తగా సున్నం వేసినట్టు. రెండు గంటల పని అట. కొట్టిందంతా ఎండాక భోగి మంటలో వేశారు. ఆ మంట చుట్టూ పిల్లలతో పాటు నేనూ నిలబడ్డాను, చలికి చేతులు కాచుకున్నాను, తర్వాత ఇంటికెళ్లి మా అమ్మాయి తల మీద రేగు పళ్లు కూడా పోశాను, బజార్లో కొన్నవి. మన పార్కు రేగు పొద అప్పటికి బూడిద. ఎవరినీ అనడం లేదు, ఆ రోజు నోరు తెరిచి ఒక్క మాట చెప్పని దానిలో నేనూ ఉన్నాను.

సరే, తర్వాత రథసప్తమి వచ్చింది. తల మీద పెట్టుకుని స్నానం చేయడానికి ఏడు జిల్లేడాకులు కావాలి. పొద్దున్నే ఆరు గంటలకి మా గేటు దగ్గర నలుగురు అక్కలు, "నీకు ఎక్కడుంటయో తెలుసు గదా" అని. పేర్లు చెప్పను గానీ అందులో ఇద్దరి భర్తలు పార్కు సబ్ కమిటీలో ఉన్నారు. మురుగు కాలువ పక్కకు తీసుకుపోయి చూపించాను. ఒక్కటే షరతు పెట్టాను: ఆకు తెంపే ముందు తిప్పి అడుగు వైపు చూడండి, తెల్లగా ఆవగింజంత కూడా లేని చుక్క ఉంటే అది గుడ్డు, ఆ ఆకు వదిలేయండి. వాళ్లు నవ్వారు గానీ తిప్పి చూశారు. ఒకావిడకి గుడ్డు కనిపించింది కూడా. ఆవిడ ఇప్పుడు నాకు రోజూ ఫోటోలు పంపుతోంది, సగం మసకగా ఉంటాయి, అయినా తేదీ, చోటు ఉంటాయి కదా, నాకు అదే చాలు.

ట్రెజరర్ అన్నా, గేటు దగ్గరి సైకస్, అదే ఈత ఆకుల్లాంటి ఆకులుండే మొక్కల కుండీల గురించి కూడా చెప్పాలి. ఖరీదైన మొక్కలు, కొత్త ఆకు వేసినప్పుడల్లా ఏదో కొరికేస్తోందని నర్సరీ వాడి చేత మందు కొట్టించారు. ఆ కొరికేది ప్లెయిన్స్ క్యూపిడ్ అనే చిన్న నీలం సీతాకోకచిలుక పిల్ల. దాని శాస్త్రీయ నామంలో ఉన్నది పాండవ. నిజంగానే, లూథ్రోడిస్ పాండవ. లేత సైకస్ ఆకు మీద అది తింటుంటే చుట్టూ చీమలు కాపలా కాస్తాయి, దాని ఒంటి నుంచి వచ్చే తియ్యటి రసం కోసం. ఆకు ముదిరితే దానికి పనికిరాదు, కాబట్టి కొరకడం కొత్త ఆకులు వచ్చిన ఆ కొన్ని రోజులే. మందు కొట్టకుండా ఆగితే మొక్క చావదు, ఒక వరుస ఆకులు అందం తగ్గుతాయి, అంతే. పాండవుల మీద మందు కొట్టించిన కమిటీ అని మాత్రం అనిపించుకోకండి. (ఇంకోటి, బ్లూ టైగర్ అని నల్ల రెక్కల మీద లేత నీలం చారలది మన పార్కుకి వస్తుంది, దాని శాస్త్రీయ నామం తిరుమల లిమ్నియాసి. తిరుమల అనే పేరు పెట్టింది 1880లో ఫ్రెడరిక్ మూర్ అనే ఇంగ్లీషాయన. పేర్లు వాళ్లు పెట్టారు, అది కూడా మన దగ్గర నుంచే తీసుకుని. మనకేమో అన్నీ ఒకటే సీతాకోకచిలుక.)

ఎండుటాకుల సంగతి వేరే. ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాలుతుంది, మాలి తాత ఊడ్చి కుప్ప పోస్తాడు, సాయంత్రం అంటిస్తారు. ఆ కుప్పలో కామన్ ఈవినింగ్ బ్రౌన్ ఉంటుంది. వానాకాలంలో దాని రెక్కల అడుగున కళ్లలాంటి గుండ్రటి మచ్చలుంటాయి. చలికి, పొడి గాలికి పెరిగిన తరానికి ఆ కళ్లు దాదాపు ఉండవు, రెక్క అచ్చం ఎండుటాకు, ఈనెతో సహా, పగలంతా ఆకుల్లోనే పడుకుని చీకటి పడే వేళకు లేస్తుంది. రెండూ ఒకే జాతి అని తెలియక మొదటి ఏడు నేను రెండు పేర్లతో రాసుకున్నాను. పీకాక్ పాన్సీ కూడా అంతే, ఎండాకాలం రూపానికి రెక్క అంచు ఆకు కొనలాగా తిరుగుతుంది. ఆకు వేషం వేసుకున్నది ఆకుల్లోనే దాక్కుంటుంది మరి, దాన్ని ఆకులతో పాటు తగలబెడితే ఎలా. పైగా ఇలా బహిరంగంగా తగలబెట్టడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే నిషేధించింది, 5,000 రూపాయల జరిమానా ఉంది. సీతాకోకచిలుకల మీద లేకపోయినా సంఘం దాచుకున్న కార్పస్ ఫండ్ మీద ప్రేమ ఉంటుంది కదా. ఒక మూల గుంత తీసి అందులో వేయిస్తే వానాకాలానికి ఎరువు అవుతుంది.

మీరు ఏమంటారో నాకు తెలుసు. పాములు, దోమలు, పిల్లలు.

దోమల మాట ముందు. డెంగ్యూ తెచ్చే దోమ గుడ్లు పెట్టేది నిలవ నీళ్లల్లో, పొదల్లో కాదు. కుండీల కింద ప్లేట్లు, డాబా మీద పాత టైర్లు, వాడకుండా పెట్టిన కూలర్లు, అవి చూడండి, మా లైన్‌లోనే ఐదు చూపిస్తాను, ఒకటి మా ఇంట్లోదే, మొన్న వంపేశాను. పాముల మాట నేను కొట్టిపారేయను. గుబురు పెరిగితే పాము రావచ్చు, చిన్న పిల్లల తల్లిని, నాకూ భయమే. అందుకే పార్కంతా వదిలేయమనడం లేదు. ట్రాక్ పక్కన, ఊయలల దగ్గర, బెంచీల దగ్గర నున్నగా కొట్టించుకోండి. వెనక గోడ వెంట ఇరవై అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, అటు ఎవరూ నడవరు, ముందు ఒక తాడు కట్టేద్దాం. వయ్యారిభామ మొక్క మాత్రం ఉంచమని నేనూ అనను, దానితో ఒళ్లంతా దురదలు, ఆయాసం, అది కనిపిస్తే పీకేయాల్సిందే, గ్లవ్స్ వేసుకుని నేనే వస్తాను, ఆదివారం పెట్టుకుందాం. కోనోకార్పస్ చెట్ల వరుస గురించి ఈ లేఖలో మాట్లాడను, దానికి ఇంకో లేఖ కావాలి, అందులో మర్యాద కొంచెం తక్కువ ఉంటుంది.

అయినా ఎందుకమ్మా జనవరిలోనే, వానాకాలంలో బోలెడు ఎగురుతాయి కదా, అప్పుడు లెక్కపెట్టుకో అని సెక్రటరీ గారు అన్నారు. నిజమే, వానలు పడ్డాక ఎక్కువ ఉంటాయి. దేశమంతటా బిగ్ బటర్‌ఫ్లై మంత్ అని 2020 నుంచి చేస్తున్నది కూడా సెప్టెంబరులోనే. అప్పుడు అందరూ చూస్తారు, ఫోటోలు పెడతారు. కష్టమల్లా ఏడాది మొదట్లోనే. ఎవరూ చూడరు. వ్యాపారం బాగున్న నెలల పుస్తకాలు రాసి, డల్‌గా ఉన్న నెలలవి వదిలేస్తే నేను ఏ కంపెనీ లెక్కలూ ముగించలేను.

మా ఆడపడుచు ఇంగ్లండ్‌లో ఉంటుంది, లీడ్స్‌లో. వాళ్లకు చలికాలంలో ఎగిరేవి దాదాపు కనపడవు. బ్రిమ్‌స్టోన్ అని ఒకటుంది, మగది నిమ్మపండు రంగు, చలికాలమంతా పచ్చటి తీగల గుబురులో కదలకుండా పడుకుని, ఫిబ్రవరిలోనో మార్చిలోనో ఎండ బాగా కాసిన మొదటి రోజు బయటికి వస్తుంది. అది కనిపించిన రోజు అక్కడివాళ్లు మనం తొలకరి వాన గురించి చెప్పుకున్నట్టు చెప్పుకుంటారట. చెప్పుకోవడమే కాదు, రాసుకుంటారు. 1976 నుంచి అక్కడ ఒక పద్ధతి నడుస్తోంది: ఒకే దారి, వారానికి ఒకసారి, ఏప్రిల్ మొదలు సెప్టెంబరు ఆఖరు దాకా 26 వారాలు. నడుస్తూ అటూ ఇటూ రెండున్నర మీటర్లు, ముందు ఐదు మీటర్ల లోపల కనిపించినవే లెక్క. ఎక్కువమంది మామూలు జనమే, రిటైరయిన వాళ్లు, నాలాంటి వాళ్లు. అలా ఏళ్ల తరబడి రాసుకున్నారు కాబట్టే తమ దగ్గర సీతాకోకచిలుకలు ముందుకన్నా తొందరగా బయటికి వస్తున్నాయని, ఎన్ని రోజులు ముందుకు జరిగాయో కూడా చెప్పగలుగుతున్నారు. మన దగ్గర ఎండలు ముందే వచ్చేస్తున్నాయని ఫిబ్రవరి రాగానే అందరం అంటాం. రేల చెట్టు చిగురు తొడిగినప్పుడు దాని మీద గుడ్లు పెట్టడానికి పసుపు ఎమిగ్రెంట్‌లు పోయిన ఏడు ఏ వారంలో వచ్చాయి అని అడిగితే మన కాలనీలో ఒక్కరు చెప్పలేరు, నేనూ చెప్పలేను, ఎందుకంటే ఆ వారం పార్కులో పెయింటింగ్ అని పగలూ సాయంత్రం కూడా తాళం వేశారు.

ఇక్కడ చలికాలంలో ఏవీ పూర్తిగా మాయం కావు, అది మన అదృష్టం. కానీ తగ్గుతాయి, రూపాలు మారతాయి, కొన్ని ప్యూపాలోనే ఎక్కువ రోజులు ఆగిపోతాయి, బ్లూ టైగర్, కామన్ క్రో లాంటివి వానల్ని బట్టి గుంపులుగా వలస పోతాయి. కాబట్టి మన దగ్గర మొదటిది ఎప్పుడు కనిపించింది అన్నదొక్కటే చాలదు, ఏ వారం ఏది లేదు అన్నది కూడా రాయాలి. "ఈ రోజు 20 నిమిషాలు నడిచాను, ఏమీ లేదు" అన్నది కూడా ఎంట్రీయే. దీనికి అలవాటు పడటానికి నాకు ఏడాది పట్టింది, సున్నా రాయాలంటే చేయి ఆడేది కాదు. కేబీఆర్ పార్కు, ఉస్మానియా క్యాంపస్, గచ్చిబౌలి యూనివర్సిటీ లాంటి చోట్లకి కెమెరాలు వేసుకుని వెళ్లేవాళ్లున్నారు. నాగోలులో అర ఎకరం కాలనీ పార్కుకి ఎవరు వస్తారు? మనమే చూసుకోవాలి.

నాకు అన్నీ తెలుసని కాదు. కామన్ మార్మన్ ఆడవాటిలో కొన్ని కామన్ రోజ్ వేషం వేస్తాయి, రెండూ నల్లగా, వెనక రెక్కల మీద ఎర్ర మచ్చలతో. నేను నెల రోజులు అన్నిటినీ రోజ్ అనే రాశాను. పక్క సందులో ఉండే తొమ్మిదో క్లాసు అబ్బాయి ఫోటో చూసి "ఆంటీ, ఒళ్లు చూడండి, రోజ్‌కి ఒళ్లు కూడా ఎర్రగా ఉంటది, దీనికి నల్లగుంది" అన్నాడు. లెడ్జర్‌లో ఎనిమిది ఎంట్రీలు కొట్టేశాను. అప్పటి నుంచి వాడే నా ఆడిటర్. పులికీ, పులి వేషం వేసే ఎగ్‌ఫ్లైకీ తేడా కూడా వాడే పట్టుకున్నాడు: పులికి వెనక రెక్క మధ్యలో నల్ల చుక్కలు మూడో నాలుగో ఉంటాయి, వేషగత్తెకి పై అంచున ఒక్కటే. ఇలాంటివి గేటు బయటి నుంచి కనపడవని వేరే చెప్పాలా. ఫోటోలు మేము ఐనాచురలిస్ట్ యాప్‌లో పెడుతున్నాం, తేదీ, చోటు దానంతట అదే పడుతుంది, పేరు తప్పు రాస్తే ఎక్కడో ఉన్నవాళ్లు సరిచేస్తారు. పట్టుకోవడం, వల వేయడం ఏమీ లేదు, రెక్కలు తెరిచినప్పుడు ఒకటి, మూసినప్పుడు ఒకటి తీస్తే చాలు.

కాబట్టి కమిటీ వారు ఒప్పుకుంటే ఇలా చేద్దాం. వాకింగ్ ట్రాక్ ఒక్క రౌండు, ప్రతి ఆదివారం పది గంటలకి, ఇరవై నిమిషాలు. పిల్లలు వస్తారు, నేనూ ఉంటాను. వాచ్‌మన్ అన్న తొమ్మిదింటికి టిఫిన్‌కి పోవాలి, అప్పుడు గేటు ఎవరు చూస్తారు అన్నది సమస్య అయితే ఆదివారాలు ఆ మూడు గంటలు నేను కూర్చుంటాను, మిగతా రోజులకి ఎవరు కూర్చుంటారో లిస్టు నేనే వేసి ఇస్తాను, ఇప్పటికే ఐదుగురు ఒప్పుకున్నారు, వాళ్లలో ఆ గుడ్డు కనిపెట్టిన అక్క కూడా ఉంది. మాలి తాతతో కూడా మాట్లాడాను. ఆయన చెప్పింది వింటే మీకు సిగ్గు వేస్తుందో లేదో గానీ నాకు వేసింది. "పురుగులున్నయని నాకు ఎరికే బిడ్డా, కొట్టమంటే కొట్టిన" అన్నాడు. కొట్టవద్దని ఒక్క మాట మీరు చెబితే ఆయన కొట్టడు.

గోడ పక్కన జిల్లేడు మొదలు నుంచి మళ్లీ చిగురు వేసింది, మొన్న గేటు బయటి నుంచే జూమ్ చేసి చూశాను, నాలుగు ఆకులు. ఈ ఆదివారం తొమ్మిదిన్నరకి లెడ్జర్ పట్టుకుని గేటు దగ్గర ఉంటాను. తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టండి, గుడ్ మార్నింగ్‌ల కంటే ముందే.

మీ మూడో లైన్ మనిషి